మట్టి కాని మట్టి : రంగులు మేళవించిన చేతి నగలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదేండ్లు ఒక పల్లెలో దీపము కొండెక్కకుండ నిలిచిన గ్రంథాలయమునకు ఉత్సవము చేసికొను అర్హత కలదు. అట్టి ఉత్సవమున పెద్ద విషయములను గూర్చి ప్రసంగించు పెద్దలు పలువురు ఉన్నారు. ఈ ఉపన్యాసమునకు ఎన్నుకొన్న విషయము చిన్నది. ఆడపిల్ల చెవికి వ్రేలాడు జూకా అంతటిది. అయినను ఆ జూకాలో రసాయనశాస్త్రము కలదు. రంగుల లెక్క కలదు. ఒక ఇల్లాలి చేతిఖర్చు కలదు. అజాగ్రత్త వహించినచో ఇంటిల్లిపాదికి కీడును కలదు. ఇన్ని గలిగిన వస్తువును చిన్నదనుట ఎట్లు?

జాతరలలోను, పట్టణపు ప్రదర్శనశాలలలోను ఈ కాలమున ఒక విధమగు పూసలు కనబడుచున్నవి. వానిపై ఉదయకాలపు ఆకాశమువలె పసుపు క్రమక్రమముగా నారింజయై, నారింజ ఎరుపై, ఎక్కడ ఏ రంగు ముగిసినదో తెలియకుండ ఒకదానిలో నొకటి కరగియుండును. చేతిలోనికి తీసికొన్నచో గాజువలె చల్లగా నుండవు. మట్టివలె బరువుగా నుండవు. లక్కవలె పెళుసుగా నుండవు. కొనువారు ఇది ఏమి మట్టియని అడుగుదురు. అమ్మువారు పాలిమర్ క్లే అని బదులు చెప్పుదురు. క్లే యనగా బంకమన్ను. కాని ఇందు మన్నను పేరే గాని, చెరువు గట్టున దొరకు పదార్థమేదియు లేదు. పాలీవినైల్ క్లోరైడు, అనగా పి.వి.సి. అను ప్లాస్టిక్కు యొక్క మిక్కిలి సన్నని రేణువులు, వానిని మెత్తగా నుంచు నూనె వంటి ద్రవము, ముద్దకు ఒడ్డు నిచ్చు పొడులు, రంగు పొడులు - ఇవియే ఇందలి సరకు. పొలములలో నీటి గొట్టములు దేనితో చేయుదురో, ఈ నగ కూడ దాని తోబుట్టువే.

ఈ పదార్థపు పుట్టుక ఆసక్తికరమైనది. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆయిగెన్ బౌమన్ 1872లో పి.వి.సి.ని మొదట గమనించి వర్ణించెను. ఆ తెల్లని పొడి బిరుసైనది గనుక అర్ధ శతాబ్దము అది ఎవరికిని అక్కరకు రాలేదు. 1926లో అమెరికా దేశమున వాల్డో సెమన్ అను రసాయనజ్ఞుడు దానిని కొన్ని ద్రవములతో వేడిచేసి, రబ్బరువలె మెత్తబడునట్లు చేసెను. పిమ్మట జర్మనీలో బొమ్మల తయారీకి పేరొందిన కేథె క్రూజె కుటుంబమున ఆమె కుమార్తె ఫీఫీ ఇట్టి ముద్దనొకదానిని రంగులతో సిద్ధపరచి, పిల్లలు ఆడుకొనుటకు అమ్మెను. 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ అను సంస్థ ఆ సూత్రమును కొని, ఫిమో అను పేరుతో లోకమునకు పరిచయము చేసెను. ఆ దశకముననే అమెరికాలో స్కల్పీ యను మరియొక ముద్ద బయలుదేరెను. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ల వేడిని బయటికి పంపుటకై చేసిన ముద్ద ఆ పనికి చాలక మూలబడగా, దానితో బొమ్మ చేసి కాల్చి చూచుటవలన స్కల్పీ పుట్టినదని చెప్పుదురు. బొమ్మలకని పుట్టినది పెద్దల చేతిలో బడి నగయైనది. 2011లో అమెరికాలోని రసీన్ నగరపు కళాప్రదర్శనశాల ఈ కళాఖండములకే ప్రత్యేకముగా ఒక ప్రదర్శన జరిపెను.

ఇది పరదేశపు విద్య యని తెలుగువారు వెనుదీయ నవసరము లేదు. వేడిచే మెత్తబడు పదార్థమున రంగులు కూర్చి నగలు చేయుట ఈ గడ్డకు క్రొత్త గాదు. హైదరాబాదులో చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారులో లక్కను నిప్పులపై మెత్తబరచి, గాజుగా చుట్టి, అద్దపు తునకలను పొదుగుదురు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు పీటపై త్రిప్పుచు, రంగు లక్క కడ్డీని దానికి ఒత్తినంతనే రాపిడి వేడికి రంగు కరగి కర్రకు పట్టుకొనును. శ్రీకాళహస్తి ప్రాంతపు పాపానాయుడుపేటలో కరగిన గాజు ముద్దను పొడవైన ఇనుప గొట్టమునకు తగిల్చి, బోలు తీగగా సాగదీసి, సన్నగా కత్తిరించి పూసలు చేయు పద్ధతిని పరిశోధకులు వర్ణించియున్నారు. పుదుచ్చేరి సమీపమున అరికమేడులో రెండువేల ఏండ్లనాడు సముద్రము దాటి పోయిన పూసలును ఇట్లు సాగదీసినవే. కావున పాలిమర్ ముద్ద పట్టిన చేయి, తెలిసియో తెలియకయో, ఆ పాత పనివారి చేతి వెంటనే నడచుచున్నది.

ఇక పని విషయము. పొట్లము విప్పిన ముద్ద బిరుసుగా నుండును. దానిని చిన్న ముక్కలుగా కోసి, చపాతీ పిండివలె పిసుకవలెను. అరచేతి వేడికిని ఒత్తిడికిని అది మెత్తబడి, వంచినను పగుళ్లు వారని స్థితికి వచ్చును. ఈ పిసుకుటయందు ఓపిక చాలనివారి పూసలు తరువాత విరిగిపోవును. చేతులు కడిగికొని తెల్ల రంగుతో ముందు పని చేయవలెను; ఎరుపు పిసికిన చేతితో తెలుపును ముట్టినచో అది గులాబియగును. నూలు పోగు, పిల్లి వెంట్రుక, వీధి దుమ్ము - అన్నియు తెల్ల ముద్దకు చుట్టములే.

రంగులు కలుపుటలో ఒక సంగతి గుర్తింపదగినది. పసుపునకు సున్నము తగిలినచో పారాణి ఎర్రబారును. అది రసాయన పరిణామము. అచ్చట పసుపు తన గుణమునే మార్చుకొన్నది. ఈ ముద్దలో అట్లు జరుగదు. రంగు రేణువులు ప్రక్కప్రక్కన చేరి కంటిని ఒప్పించునంతే. కావున ఇచ్చటి ఫలితము పాళ్లపై ఆధారపడియుండును. పసుపు, ఎరుపు, నీలము, తెలుపు, నలుపు - ఈ అయిదు పొట్లములతో నూరు రంగులు చేయవచ్చును. అయితే పసుపు సాధువు. ఎరుపు, నీలము గడుసువి. సమపాళ్లలో పసుపును ఎరుపును కలిపినచో నారింజ రాదు. ఎరుపునకు దగ్గరి రంగే వచ్చును. పసుపు ముద్ద పెద్దదిగా నుంచి, దానిలో ఎరుపును కందిగింజ ప్రమాణమున చేర్చుచు పోవలెను. లేత రంగులో ముదురు రంగును చేర్చుటయే క్రమము. ముదురు రంగును లేతబరుపబూనినచో పొట్లములు ఖాళీయగును గాని రంగు చేతికి రాదు.

మరియొక మర్మము కలదు. నారింజ ఛాయ గల ఎరుపును, ఆకుపచ్చ ఛాయ గల నీలమును కలిపి ఊదా రంగు ఆశించువారికి బురద రంగు దక్కును. ఆ రెండింటిలో దాగియున్న పసుపు ఊదాను చెరచును. గులాబి ఛాయ గల ఎరుపును తీసికొన్నచో ఊదా నిర్మలముగా వచ్చును. ఇట్టివి ఒకసారి తెలిసినంత మాత్రమున చాలదు, వ్రాసియుంచవలెను. ఏ రంగు ఎన్ని పాళ్లు కలిపినది పుస్తకమున గుర్తించి, ఆ ముద్దనుండి రూపాయి బిళ్లంత తునక కాల్చి, రంధ్రము వేసి, దారమున గ్రుచ్చియుంచినచో అది రంగుల నిఘంటువగును. కాలిన తరువాత కొన్ని రంగులు కొంచెము ముదురును గనుక, పచ్చి ముద్దను చూచి తీర్పు చెప్పరాదు.

ఆరంభమున చెప్పిన ఉదయాకాశపు రంగు ఎట్లు వచ్చును? దానికొక చక్కని ఉపాయము కలదు. అమెరికాకు చెందిన జూడిత్ స్కిన్నర్ అను ఆమె గత శతాబ్ది చివరి దశకమున దీనిని ప్రచారమునకు తెచ్చినందున ఆమె పేరిటనే స్కిన్నర్ కలయిక యని పిలుతురు. పసుపు ముద్దను, ఎరుపు ముద్దను వేరువేరుగా అప్పడమువలె ఒత్తి, ఒక్కొక్కదానిని మూలనుండి మూలకు కోసి త్రిభుజములు చేయవలెను. పసుపు త్రిభుజమును ఎరుపు త్రిభుజమును ఏటవాలు అంచుల వెంబడి చేర్చినచో దీర్ఘచతురస్ర మేర్పడును. ఎడమ అంచున అంతయు పసుపు. కుడి అంచున అంతయు ఎరుపు. ఇప్పుడు క్రింది అంచును పైఅంచుపైకి మడచి ఒత్తవలెను; మరల అట్లే మడచి ఒత్తవలెను. ప్రతిసారియు ఎడమ వైపు ఎడమ వైపుననే, కుడి వైపు కుడి వైపుననే యుండవలెను. మడత ప్రక్కకు తిరిగినచో పనియంతయు చెడును.

ఇరువది ముప్పది మడతలైన పిదప గీత మాయమై, పసుపునుండి ఎరుపు వరకు అంచెలు కనబడని రంగు పరచుకొనును. ఇందు ఇంద్రజాల మేమియు లేదు; ఐదవ తరగతి పిల్లవానికి తెలిసిన లెక్కయే. దీర్ఘచతురస్రమును నిలువుగా సన్నని పట్టీలుగా భావింపుడు. ఎడమనుండి పావు దూరమున నున్న పట్టీలో పసుపు మూడు పాళ్లు, ఎరుపు ఒక పాలు. సగము దూరమున రెండును సమానము. ముప్పాతిక దూరమున పసుపు ఒక పాలు, ఎరుపు మూడు పాళ్లు. మడచి ఒత్తునపుడు ఏ పట్టీలోని రంగు ఆ పట్టీలోనే కలియును గాని ప్రక్క పట్టీలోనికి పోదు. త్రిభుజపు వాలు పాళ్లను నిర్ణయించినది; మడత వానిని కలిపినది. తాపేశ్వరపు మడత కాజా చేయువాడు పొరలు కలిసిపోకుండ మడచును. ఇచ్చట కలిసిపోవువరకు మడతురు. ఒకే విద్యకు రెండు ప్రయోజనములు. పాశ్చాత్య దేశములలో ఇందులకు పిండిని పలుచగా ఒత్తు చేతి యంత్రమును వాడుదురు. అది లేనివారు నున్నని సీసాతోనో అప్పడాల కర్రతోనో ఒత్తవచ్చును. శ్రమ అధికము, ఫలితము అదియే.

ఆ రంగుల పట్టీని చాపవలె చుట్టినచో, నడుమ లేతగాను అంచున ముదురుగాను ఉండు కడ్డీ యగును. అది పువ్వు రేకునకు సరిపడును. అట్టి అయిదారు కడ్డీలను నడిమి బొడ్డు చుట్టు అమర్చి, సందులను వేరు రంగుతో నింపి, అన్ని వైపుల సమముగా నొక్కుచు సాగదీసినచో, అరచేతి వెడల్పు గల పువ్వు బటాణి గింజంత పువ్వుగా చిక్కిపోవును, ఆకారము చెడదు. చల్లబడి గట్టిపడువరకు ఆగి, సన్నని బ్లేడుతో కోసినచో ప్రతి ముక్కపైనను అదే పువ్వు. ఇటలీలోని వెనీసు గాజు పనివారు దీనిని మిల్లెఫియొరి, అనగా వేయి పువ్వులు, అని పిలిచిరి. ఇంటిలో ఈ పని నేర్వనెంచువారు మొదటి కడ్డీకి రెండు రంగులకు మించి వాడకుండుట మేలు.

పూస చేసి, పుల్లతో నెమ్మదిగా త్రిప్పుచు రంధ్రము వేసిన పిమ్మట కాల్చుట. ఇచ్చటనే ఈ ఉపన్యాసపు ముఖ్య విషయము కలదు. కుమ్మరి ఆవములో మన్ను మంటకు కాలి రాయియగును. ఈ ముద్దకు అంత వేడి పనికిరాదు. సాధారణముగా 110 మొదలు 130 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ, మందమునుబట్టి అరగంటయో అంతకు పైననో యుంచినచో, ప్లాస్టిక్కు రేణువులు మెత్తబరచు ద్రవమును పీల్చుకొని ఒండొంటితో అతుకుకొనును. ఏ ముద్దకు ఎంత వేడియో దాని పొట్లముపైననే అచ్చు వేసియుందురు; దానిని చదువవలెను. వేడి చాలనిచో పూస పైకి గట్టిగా కనబడి, నెల తిరుగకుండ విరుగును. వేడి మించినచో మొదట రంగు మాడును; మరియు మించినచో పదార్థము విచ్ఛిన్నమై హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వెలువడును. అది కన్నులను మండించి, గొంతును పట్టును. ఉబ్బసము గలవారికి, పసిపిల్లలకు మరింత ప్రమాదము.

అందుచేత కట్టెల పొయ్యిపై, బొగ్గుల కుంపటిపై, గ్యాసు మంటపై దీనిని కాల్చరాదు. మంటకు కొలత లేదు. మైక్రోవేవు పొయ్యి కూడ ఇందులకు తగదు. చిన్న విద్యుత్ ఓవెనును, దానిలోపల నిలుపు ఉష్ణమాపకమును సమకూర్చుకొనవలెను. ఓవెను మీటపై గీసిన అంకెకును లోపలి వేడికిని తరచు ఇరువది ముప్పది డిగ్రీల తేడా యుండును. ఆ ఓవెనులో అన్నపు వస్తువు లేవియు వండరాదు. కిటికీలు తెరచి కాల్చవలెను. పొగ కనబడిన తక్షణమే మీట కట్టి, పిల్లలను వెలుపలికి పంపి, గాలి యాడనీయవలెను. ముద్దకు వాడిన అప్పడాల కర్ర, జంతికల గొట్టము, పళ్లెము, చాకు మరల వంటయింటి గడప త్రొక్కరాదు. కడిగితిమి గదా యని సమాధానపడుట తగదు. నూనె వంటి ఆ ద్రవము కర్ర రంధ్రములలో నిలిచిపోవును. అట్టి ద్రవములలో థాలేట్లు అను కొన్నింటిని పిల్లల వస్తువులలో వాడరాదని ఐరోపా సంఘము 2005లోను, అమెరికా 2008లోను శాసనములు చేసినవి. పేరున్న తయారీదారులు తమ సూత్రములను మార్చుకొనిరి. పేరు, ఊరు లేని చౌక పొట్లములకు ఆ పూచీ లేదు. మిగిలిన తునకలను చెత్తతో కలిపి తగులబెట్టుటయు అంతే దోషము. ఆ పొగ మన ఇంటిలో గాక పొరుగింటిలో దూరును.

నిలువయుంచుటలోను మెలకువ కావలెను. ఈ ముద్ద గాలికి ఆరదు. కాని వేడికి లొంగును. రోహిణికార్తె ఎండ తగులు కిటికీలో పెట్టినచో ఓవెను ఎక్కకముందే గట్టిపడ నారంభించును. కొన్ని రకముల ప్లాస్టిక్కు డబ్బాలను, వార్నీషు వేసిన బల్లలను ఇది తినివేయును. మైనపు కాగితమున చుట్టి చల్లని చోట నుంచుట మంచిది. కాలి చల్లారిన పూసలను నీటిలో ముంచుచు సన్నని ఉప్పు కాగితముతో రుద్ది, మెత్తని గుడ్డతో తోమినచో నిగ్గు వచ్చును. పొడిగా రుద్దినచో ఆ ధూళి ఊపిరిలోనికి పోవును.

ఇక దీనివలన బ్రతుకుతెరువు దొరకునా యను ప్రశ్న. దొరకవచ్చును, లెక్క తెలిసిననే దొరకును. ఉదాహరణమునకు ఒక జత జూకాలకు ముద్ద, కొక్కెములు, అట్ట, విద్యుత్తు కలిసి 40 రూపాయలును, ఒక గంట పనియు పట్టినవని యనుకొనుడు. పది జతలు చేయగా రెండు చెడినవి. 400 రూపాయల ఖర్చు ఎనిమిది జతలపై పడును గనుక జత ఖర్చు 50 రూపాయలు, కాలము గంటంబావు. ఆ జతను 60 రూపాయలకు అమ్మిన ఇల్లాలు పది రూపాయలు లాభము వచ్చినదని సంతోషించును. నిజమునకు ఆమె గంటంబావు కూలి పది రూపాయలు మాత్రమే. పొలమునకు పోయిన కూలి ఆ ధరకు పని చేయునా? ఇంటిలో కూర్చుండి చేసినంత మాత్రమున ఆడుదాని కాలము ఉచితము కానేరదు. చెడినవానిని, కాలమును వ్రాసికొననివారు తమ శ్రమను తామే దానము చేయుచున్నారు.

లెక్కతో పాటు నిజాయతీయు కావలెను. ఇది మన్నని, ప్రకృతి సహజమని చెప్పి అమ్మరాదు. కాల్చిన మట్టి పూస పగిలినచో మట్టిలో కలియును, ఇది కలియదు. ఇది ప్లాస్టిక్కు, చేతితో, ఓపికతో, రంగుల వివేకముతో చేసిన ప్లాస్టిక్కు. ఆ మాట చెప్పి అమ్మిన నగకు గౌరవము తగ్గదు. తేలికగా నుండుటచే చెవికి బరువు కాదు, తడికి చెడదు, పెట్టినవారి చెవి తమ్మెను సాగదీయదు. కొక్కెములలో నికెలు కలిసియున్నచో కొందరి చర్మమునకు దురద కలుగునను సంగతియు చెప్పవలెను. నగ పారవేయవలసిన వస్తువు గాకుండ ఏండ్ల తరబడి ధరింపదగినదిగా చేయుటయే ఈ పనివారు మట్టికి చెల్లింపగల ఋణము.

సభ్యులారా, ఈ విద్యలో చేయి నేర్చునది సగము. మిగిలిన సగము చదువు. పొట్లముపై అంకెను చదువలేని చేయి పూసను మాడ్చును, ఇంటిని పొగతో నింపును. పాళ్లను వ్రాయని చేయి నిన్నటి రంగును నేడు తిరిగి చేయలేదు. ఖర్చు వ్రాయని చేయి కష్టపడియు నష్టపడును. ఈ మూడింటికిని అక్షరము కావలెను. అక్షరమునకు నెలవు గ్రంథాలయము. ఈ గ్రామమున ఎవరైన ఈ పని చేపట్టినచో, తమ రంగుల తునకల హారమును, పాళ్ల పుస్తకమును ఇచ్చటి బల్లపై నలుగురికి కనబడునట్లు ఉంచుదురు గాక. తరువాత వచ్చు బాలిక మొదటి మెట్టునుండి గాక, పదియవ మెట్టునుండి ఎక్కును. గ్రంథాలయమనగా ఒకరు పడిన శ్రమ మరియొకరికి మరల పడనక్కర లేకుండ చేయు ఇల్లు. ఇరువదియైదేండ్లు ఆ పని చేసిన ఈ సంస్థకు శుభము కలుగుగాక.